పిల్లల తొలి బడి ఏడాది: ఏ పని ముందు, ఏ పని తర్వాత

"గేటు దగ్గర నన్ను వదలడం లేదు, ఏం చేయాలి?" "ఇంకా పెన్సిల్ సరిగ్గా పట్టుకోవడం రాలేదు, వెనకబడ్డట్టేనా?" "అస్తమానం జలుబే, స్కూలు మాన్పించాలా?" పిల్లల్ని కొత్తగా బడిలో వేసిన తల్లిదండ్రులు మళ్ళీ మళ్ళీ అడిగే ప్రశ్నలివి.

మొదటి ఏడాది పిల్లలు నేర్చుకోవాల్సిన పెద్ద పనులు నాలుగు. అమ్మానాన్నల్ని వదిలి ఉండటం, కొత్త పెద్దవాళ్ళను నమ్మడం, తన ఒంటి అవసరాలు తనే చూసుకోవడం, చేతకానప్పుడు సాయం అడగడం. ఇవి కుదిరిన పిల్లలకు అక్షరాలు నేర్పడం తేలిక. ఇవి కుదరకముందే చదువు మీద పడితే పిల్లలకూ టెన్షన్, మీకూ టెన్షన్. అందుకే ఈ మార్గదర్శిలో చదువు ఏడో అంశంగా వస్తుంది. 3 నుంచి 6 ఏళ్ళ మధ్య ఎప్పుడు బడిలో చేర్చినా వరస ఇదే.

1. రెండు నెలల ముందు: కళ్ళు, చెవులు, టీకాలు

చాలామంది యూనిఫాం, బ్యాగులతో మొదలుపెడతారు. డాక్టర్ దగ్గర మొదలుపెట్టండి.

పుట్టినప్పటి నుంచి ఒక కన్ను సరిగ్గా కనిపించని పిల్లలకు ఆ సంగతే తెలియదు. లోకమంతా అలాగే ఉంటుందనుకుంటారు, కాబట్టి మీకు చెప్పరు. రెండో కంటితో నెట్టుకొస్తారు. కళ్ళద్దాలు, ప్యాచ్ (బాగా కనిపించే కంటిని మూసి ఉంచే పట్టీ) లాంటి చికిత్స ఎంత చిన్న వయసులో మొదలైతే అంత బాగా పనిచేస్తుంది. ఏడేళ్ళు దాటాక ఫలితం తగ్గుతుంది. అందుకే ఒక్కో కన్ను విడివిడిగా పరీక్ష చేయించండి.

జలుబు, చెవిపోటు తరచుగా వచ్చే పిల్లల్లో కర్ణభేరి వెనక నీరు చేరి వినికిడి మందగించవచ్చు. అలాంటి పిల్లల్నే "అస్సలు మాట వినడు" అంటూ ఉంటాం. టీవీ సౌండ్ పెంచుతున్నా, వెనక నుంచి పిలిస్తే పలక్కపోయినా వినికిడి పరీక్ష చేయించండి.

- టీకా కార్డు తీసి, ఈ వయసులో వేయాల్సిన బూస్టర్లు పడ్డాయో లేదో చూసుకోండి.
- పళ్ళు ఒకసారి చూపించండి. పంటి నొప్పి ఉన్న పిల్లలు బడిలో సరిగ్గా తినరు.
- ఆస్తమా, ఫిట్స్, అలర్జీలాంటివి ఉంటే ఒక కాగితం మీద రాసి టీచర్‌కివ్వండి: ఎలా మొదలవుతుంది, వెంటనే ఏం చేయాలి, ఏ మందు ఎంత, ఎవరికి ఫోన్ చేయాలి. నోటిమాటగా చెప్పి వదిలేయొద్దు. ఆ రోజు టీచర్ సెలవులో ఉండొచ్చు.

2. నెల ముందు: నిద్ర సరిచేయడం

3 నుంచి 5 ఏళ్ళ పిల్లలకు పగటి కునుకుతో కలిపి రోజుకు 10 నుంచి 13 గంటల నిద్ర కావాలి. ఆరేళ్ళు దాటితే 9 నుంచి 12 గంటలు. పొద్దున ఆరున్నరకు లేవాల్సిన నాలుగేళ్ళ పిల్ల మధ్యాహ్నం పడుకోకపోతే రాత్రి ఎనిమిదికల్లా నిద్రలో ఉండాలి. అంటే ఏడున్నరకే పక్క మీదకు చేరాలి. చాలా ఇళ్ళలో ఆ టైమ్‌కి ఇంకా భోజనాలు కూడా అవవు. మొత్తం ఇంటి వేళలే మార్చాలి కాబట్టి దీనికి నెల పడుతుంది.

వరస ఇలా పెట్టుకోండి:

1. ముందు లేచే టైమ్ మార్చండి. రెండు మూడు రోజులకోసారి 15 నిమిషాలు ముందుకు జరపండి. పెందలాడే లేస్తే పెందలాడే నిద్ర వస్తుంది. నిద్ర రాని పిల్లల్ని బలవంతంగా పడుకోబెడితే అది రోజూ గొడవగా మారుతుంది.
2. పడుకునే గంట ముందు ఫోన్, టీవీ ఆపేయండి.
3. రోజూ ఒకే క్రమం: స్నానమో మొహం కడగడమో, పళ్ళు తోమడం, ఒక కథ, లైటు ఆర్పడం.
4. సెలవు రోజున కూడా గంటకు మించి తేడా రానివ్వొద్దు.

బడి తెరిచే ముందు రాత్రి ఒక్కసారిగా ఎనిమిదికే పడుకోబెట్టడం తరచూ జరిగే పొరపాటు. పిల్లలు పదిదాకా దొర్లుతారు, పొద్దున ఏడుస్తూ లేస్తారు. ఆ ఏడుపంతా బడి మీద భయమనుకుని మనం కంగారుపడతాం.

3. చేతి పనులు: టాయిలెట్, లంచ్ బాక్స్, బూట్లు

అన్నిటికంటే ఎక్కువ ఓపిక ఇక్కడ పెట్టమంటాను. టీచర్ చేతికింద చాలామంది పిల్లలుంటారు. మీ పిల్లాడి నిక్కరు హుక్కు తీయడానికి ప్రతిసారీ ఎవరో ఒకరు దొరకరు.

టాయిలెట్. ఇంట్లో ఎలాస్టిక్ నిక్కరు లాక్కుని పరిగెత్తే పిల్లలు, బడి యూనిఫాం హుక్కు రాక తడిపేసుకుంటారు. ఆ యూనిఫాం తొడిగే ఇంట్లో ప్రాక్టీస్ చేయించండి. వారం చూసినా హుక్కు పట్టు దొరక్కపోతే నడుముకి ఎలాస్టిక్ వేయించండి. బడిలో ఉన్నది ఏ రకం టాయిలెట్టో, నీళ్ళు ఎలా వాడాలో, ఫ్లష్ ఎక్కడుందో ముందే వెళ్ళి చూపించండి. ఫ్లష్ చప్పుడుకు భయపడి లోపలికే వెళ్ళని పిల్లలుంటారు.

భయంతోనో సిగ్గుతోనో రోజంతా బిగబట్టుకుంటే మలబద్ధకం మొదలవుతుంది. గట్టిపడిన మలం లోపల పేరుకుని, దాని పక్కనుంచి పలచగా కారి లోదుస్తులకు మరకలవుతాయి. చాలామంది దీన్ని విరేచనాలనో బద్ధకమనో అనుకుని తిడతారు. పిల్లల చేతిలో లేని విషయమిది. డాక్టర్‌కి చూపించండి. ముందు జాగ్రత్తగా పొద్దున టిఫిన్ తిన్నాక ఐదు పది నిమిషాలు టాయిలెట్‌లో కూర్చోబెట్టండి. తిన్న కాసేపటికి పేగులు సహజంగానే కదులుతాయి, కాబట్టి పని తేలిగ్గా అవుతుంది. ఇందుకోసమే అరగంట ముందు నిద్ర లేపాల్సి వచ్చినా ఫరవాలేదు.

లంచ్ బాక్స్. కొనే ముందు షాపులోనే పిల్లల చేత మూత తీయించి, పెట్టించండి. తర్వాత వారం రోజులు ఇంట్లో ఆ బాక్సులోనే పెట్టి, ఎవరూ నోట్లో పెట్టకుండా 20 నిమిషాల్లో తినమనండి. మొదటి రోజు సగం కింద పడుతుంది, పడనివ్వండి. ఐదేళ్ళలోపు పిల్లలకు గింజలు అలాగే పెట్టొద్దు, ద్రాక్షపండ్లు నిలువుగా కోసి పెట్టండి. తొందర తొందరగా తినేటప్పుడు గొంతులో అడ్డం పడతాయి.

బూట్లు. లేసులు ఈ ఏడాదికి వద్దు. అంటుకునే పట్టీవి కొనండి.

బ్యాగు. పిల్లల బరువులో పదో వంతు దాటకూడదు. 18 కిలోల పిల్లాడికి 1.8 కిలోలు, అదీ నీళ్ళ సీసాతో కలిపి. నిండు బ్యాగును ఒకసారి తూచి చూడండి. పేరు బ్యాగు లోపలి వైపు రాయండి. బయట రాస్తే దారిన పోయే ఎవరైనా పేరు పెట్టి పిలవగలుగుతారు.

బడి తెరిచేలోపు సరిచూసుకోండి:

- యూనిఫాం తనే దించుకుని, తనే పైకి లాక్కోగలగడం
- కడుక్కోవడం లేదా తుడుచుకోవడం, తర్వాత చేతులు సబ్బుతో 20 సెకన్లు రుద్దుకోవడం
- బాక్సు, సీసా మూతలు తీసి, మళ్ళీ పెట్టడం
- ముక్కు తుడుచుకోవడం, దగ్గేటప్పుడు మోచేతి మడత అడ్డం పెట్టుకోవడం
- తన వస్తువుల్ని పదింటిలో గుర్తుపట్టడం
- బ్యాగులో ఒక జత విడి బట్టలు ఉండటం, అవి ఎక్కడున్నాయో పిల్లలకు తెలియడం

4. నోటి పనులు: అడగడం నేర్పండి

ఇంట్లో పిల్లలు అడగక్కర్లేదు, మొహం చూసి మనమే కనిపెడతాం. బడిలో అలా కుదరదు. ఈ ఐదు మాటలు నోటికి వచ్చేదాకా ఆటలా ఆడించండి. మీరు టీచర్, వాళ్ళు పిల్లలు. తర్వాత తారుమారు చేయండి.

- టీచర్, నాకు బాత్రూం వస్తోంది.
- ఇది నాకు రావట్లేదు, చూపించండి.
- నాకు కడుపులో నొప్పిగా ఉంది.
- నేనూ ఆడుకోవచ్చా?
- వద్దు, అలా చేయకు. నాకు ఇష్టం లేదు.

ఇంటి భాష, బడి భాష వేరైతే ఈ ఐదూ బడి భాషలో కూడా నేర్పండి. అంతకుమించి ఇంట్లో భాష మార్చొద్దు. మాతృభాషలో బాగా మాట్లాడే పిల్లలు రెండో భాష కూడా చక్కగా పట్టుకుంటారు. కొత్త భాష మధ్య కొన్ని వారాలు మౌనంగా ఉండిపోవడం కూడా మామూలే. ఆ సమయంలో వాళ్ళు వింటూ ఉంటారు.

పేరు, ఇంటి పేరు, అమ్మానాన్నల పేర్లు, ఒక ఫోన్ నంబర్ వచ్చి ఉండాలి. ఒంట్లో ఏ భాగాలు వేరేవాళ్ళు తాకకూడదో, తాకితే వెంటనే ఎవరికి చెప్పాలో భయపెట్టకుండా మామూలు గొంతుతో చెప్పండి. "ఎవరైనా 'ఇంట్లో చెప్పకు' అంటే అది తప్పకుండా నాకు చెప్పాల్సిన విషయం" అన్న ఒక్క మాట గుర్తుంటే చాలు. పిల్లల్ని ఎవరెవరు తీసుకెళ్ళొచ్చో బడికి రాసి ఇవ్వండి.

5. గేటు దగ్గర: దిగబెట్టి రావడం ఎలా

మొదటి రోజుకు ముందే రెండు మూడుసార్లు బడికి వెళ్ళి, ఆవరణలో కాసేపు తిరిగి, వీలైతే టీచర్‌ని కలిపించండి. ఆ రోజు పది నిమిషాలు ముందే చేరండి. హడావిడిగా పరిగెత్తిస్తే మీ కంగారు వాళ్ళకు అంటుకుంటుంది.

తర్వాత రోజూ ఒకే పద్ధతి:

1. కిందకు వంగి, కళ్ళలోకి చూసి మాట్లాడండి.
2. ఎప్పుడు వస్తారో పిల్లలకు అర్థమయ్యేలా చెప్పండి. "మూడింటికి వస్తా" అంటే వాళ్ళకు తెలియదు. "నువ్వు అన్నం తిని, ఆడుకుని, కథ విన్నాక నేను గేటు దగ్గర ఉంటా నాన్నా" అంటే తెలుస్తుంది.
3. ఒక్కసారి దగ్గరకు తీసుకుని, ముద్దు పెట్టి, టీచర్ చేతికి అప్పగించండి.
4. నడిచి వెళ్ళిపోండి. వెనక్కి రావద్దు, కిటికీ దగ్గర నిలబడొద్దు.

ఇదంతా ఒక్క నిమిషంలో అయిపోవాలి. ఏడుస్తున్న పిల్లల్ని అలా వదిలి రావడం కష్టం, నాకు తెలుసు. కానీ చాలామంది పిల్లలు తల్లిదండ్రులు కనుమరుగయ్యాక కాసేపట్లోనే ఊరుకుంటారు. మీరు తిరిగి లోపలికి వెళ్తే, గట్టిగా ఏడిస్తే అమ్మ వస్తుందని వాళ్ళకు అర్థమవుతుంది. మర్నాడు ఏడుపు పెరుగుతుంది.

పిల్లలు ఆటలో ఉండగా చెప్పకుండా జారుకోవడం ఇంకా పెద్ద పొరపాటు. ఆ పూట ఏడుపు ఉండదు, నిజమే. ఆ తర్వాత ఇంట్లో కూడా కొంగు వదలరు, ఎప్పుడు మాయమవుతారో తెలియదు కాబట్టి. ఇప్పటికే అలా చేసి ఉంటే, రేపటి నుంచి చెప్పి వెళ్ళడం మొదలుపెట్టండి. నమ్మకం తిరిగి రావడానికి కొన్ని రోజులు పడుతుంది.

"అల్లరి చేస్తే టీచర్‌కి చెప్తా", "ఏడవకపోతే బొమ్మ కొంటా" అనే మాటలు రెండూ వద్దు. మొదటిదాంతో టీచర్ భయపెట్టే మనిషవుతుంది. రెండోదాంతో బడి ఓర్చుకోవాల్సిన కష్టంగా మారుతుంది.

మొదటి వారం నవ్వుతూ వెళ్ళి రెండో వారం ఏడిచే పిల్లలు చాలామంది. ఇది రోజూ ఉంటుందని వాళ్ళకు అప్పుడే అర్థమవుతుంది. వారాంతపు సెలవు తర్వాత, జ్వరమొచ్చి మానేశాక కూడా ఏడుపు తిరగబెడుతుంది. అదే పద్ధతి కొనసాగించండి. టీచర్‌ని "ఏడ్చాడా?" అని అడిగే బదులు "ఎంతసేపు ఏడ్చాడు, తర్వాత ఏం చేశాడు?" అని అడగండి. ఆ సమయం వారంవారం తగ్గుతుంటే దారి సరిగ్గా ఉన్నట్టే. నెలన్నర దాటినా రోజంతా ఏడుస్తూ, తినకుండా, ఎవరితోనూ ఆడకుండా ఉంటే టీచర్‌తోనూ పిల్లల డాక్టర్‌తోనూ మాట్లాడాలి.

తీసుకురావడానికి మొదటి వారాల్లో అసలు ఆలస్యం చేయొద్దు. అందరూ వెళ్ళిపోయి ఒక్కరే మిగిలితే, మర్నాడు పొద్దున్న గేటు దగ్గర దాని ప్రభావం కనిపిస్తుంది.

6. ఇంటికి వచ్చాక మొదటి గంట

బడిలో బుద్ధిగా ఉన్నారని టీచర్ మెచ్చుకున్న పిల్లలే ఇంటికి రాగానే చిన్న విషయానికి గోల చేస్తారు. రోజంతా అదుపులో పెట్టుకున్నదంతా తనవాళ్ళ దగ్గర బయటపడుతుంది. అది మీ పెంపకంలో లోపం కాదు. నీళ్ళు, తినడానికి ఏదైనా ఇచ్చి, ఒక అరగంట ఏమీ అడక్కుండా పక్కన కూర్చోండి. ట్యూషన్లు, డాన్స్ క్లాసులు ఈ ఏడాది పెట్టొద్దని నా గట్టి సలహా.

కబుర్లు తర్వాత. "ఇవాళ ఏం చేశావ్?" అంటే "ఏం లేదు" అనే వస్తుంది. ప్రశ్న చిన్నదై, ఒక వస్తువు చుట్టూనో మనిషి చుట్టూనో ఉండాలి.

"ఇవాళ నీ పక్కన ఎవరు కూర్చున్నారు?"
"ఎర్ర బాటిల్ అబ్బాయి."
"ఓహో. వాడి బాక్సులో ఏముంది?"
"తెలీదు, వాడు తినలేదు. ఏడ్చాడు."
"అయ్యో. నువ్వేం చేశావు మరి?"

ఇలా మొదలైతే ఆగదు. ముందు మీ రోజులో జరిగిన చిన్న సంగతి చెప్పినా పిల్లలు అందుకుంటారు. "ఎవరైనా కొట్టారా?" అని రోజూ అడగొద్దు. మీరు ఏం వినాలనుకుంటున్నారో కనిపెట్టి, అదే చెప్పడం అలవాటవుతుంది.

7. చదువూ రాతా: ఎంత చేయించాలి

రాయడానికి ముందు చేతికి బలం రావాలి. బంకమట్టి పిసకడం, కాగితాలు చింపడం, పిల్లల కత్తెరతో కత్తిరించడం, పూసలు గుచ్చడం, బట్టల క్లిప్పులు పెట్టడంలాంటివి రోజూ పది నిమిషాలు చేయించండి. పొడవాటి పెన్సిల్ కంటే పొట్టి పెన్సిల్, పొట్టి చాక్‌పీసు ఇస్తే వేళ్ళ పట్టు త్వరగా కుదురుతుంది. ఎడమ చేతివాటం ఉంటే మార్చే ప్రయత్నం చేయొద్దు. కాగితం కాస్త కుడివైపుకు వంచి పెడితే రాసింది చెరగదు, కనిపిస్తుంది కూడా.

అక్షరాలు, అంకెలు అద్దంలోలా తిరగేసి రాయడం ఆరేడేళ్ళదాకా మామూలే. తిట్టకుండా, పక్కన సరైనది రాసి చూపిస్తే చాలు. ప, వ, మ లాంటి దగ్గర పోలికల అక్షరాలను ఒకే రోజు నేర్పకండి. ఒకటి గట్టిపడ్డాక రెండోది.

అన్నిటికంటే ఎక్కువ ఫలితమిచ్చేది రోజూ 15 నిమిషాలు చదివి వినిపించడం. ఒకే కథ పదిసార్లు అడిగినా చదవండి. మాటల్లోని శబ్దాలతో ఆడించండి: "'క'తో మొదలయ్యేవి చెప్పు", "'పలక'లో 'ప' తీసేస్తే ఏం మిగిలింది?" శబ్దాలను ఇలా చెవితో పట్టుకోగలగడమే చదవడానికి పునాది.

హోంవర్క్ ఈ వయసులో 10, 15 నిమిషాలు దాటకూడదు. అంతకంటే ఎక్కువ ఇస్తే, అంతవరకే చేయించి "ఇక్కడిదాకా 15 నిమిషాలు పట్టింది, అలసిపోయాడు" అని డైరీలో రాసి పంపండి. చేయి పట్టి రాయించడం, చెరిపి చెరిపి అందంగా దిద్దించడం, మీరే పూర్తి చేయడం వద్దు. అలా చేస్తే పిల్లలకు ఏది రావట్లేదో టీచర్‌కి తెలియదు.

పక్కింటి పిల్లలతో పోలిక పెట్టుకోవద్దు. ఒకే తరగతిలో పెద్దా చిన్నా పిల్లలకు మధ్య దాదాపు ఏడాది తేడా ఉండొచ్చు. నాలుగేళ్ళ వయసులో అది చాలా పెద్ద తేడా.

అయితే వీటిని మాత్రం వదిలేయొద్దు:

- నాలుగేళ్ళు దాటినా మాట కొత్తవాళ్ళకు చాలావరకు అర్థం కాకపోవడం
- వచ్చిన మాటలు, అలవాట్లు పోవడం
- పేరు పెట్టి పిలిస్తే చూడకపోవడం, తోటి పిల్లలపై ఏ ఆసక్తీ లేకపోవడం
- ఇంట్లో గలగలా మాట్లాడుతూ బడిలో నెలల తరబడి ఒక్క మాటా మాట్లాడకపోవడం

"కాలమే సరిచేస్తుంది" అని ఆగకుండా డాక్టర్‌ని కలవండి.

8. జలుబులూ జ్వరాలూ

చిన్న పిల్లలకు ఏడాదికి ఆరు నుంచి ఎనిమిది జలుబులు మామూలు. బడిలో మొదటి ఏడాది అంతకంటే ఎక్కువ కూడా రావచ్చు. ఒక్కోటి వారం పది రోజులుంటుంది, దగ్గు ఇంకొంచెం సాగుతుంది. కాబట్టి ఎప్పుడూ ముక్కు కారుతున్నట్టే అనిపిస్తుంది. వైరస్ జలుబుకు యాంటీబయాటిక్ పనిచేయదు, అడిగి రాయించుకోవద్దు.

ఇంట్లో ఉంచాల్సిన సందర్భాలు:

- 38 డిగ్రీల సెల్సియస్ (100.4 ఫారన్‌హీట్) లేదా అంతకంటే ఎక్కువ జ్వరం. మందు వేయకుండా 24 గంటలు జ్వరం లేకుండా ఉన్నాకే పంపాలి. పొద్దున సిరప్ పట్టించి పంపేస్తే మధ్యాహ్నానికి ఫోన్ వస్తుంది.
- వాంతులు, విరేచనాలు. ఆగాక 48 గంటలు.
- ఆటలమ్మ. పొక్కులన్నీ మాడి పెచ్చు కట్టేదాకా.

ఉత్త ముక్కు కారడానికి, పేలకు మానిపించక్కర్లేదు. పేలు పడితే సన్నపళ్ళ దువ్వెనతో తడి జుట్టు దువ్వి, ఇంట్లో అందరి తలలూ చూడండి. రాత్రిళ్ళు మలద్వారం దగ్గర దురద పెడుతుంటే నులిపురుగులు కావచ్చు. డాక్టర్ చెప్పిన మందు ఇంటిల్లిపాదీ వేసుకోవాలి. ఊపిరి ఎగపోస్తున్నా, మత్తుగా పడి ఉన్నా, చాలా గంటలు మూత్రం రాకపోయినా ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి వెళ్ళండి.

9. టీచర్‌తో మాట్లాడేటప్పుడు, పిల్లలు ఉన్నట్టుండి మొరాయించినప్పుడు

గేటు దగ్గర, పిల్లల ముందు, పది మందిలో ఫిర్యాదు చేయొద్దు. టైమ్ అడిగి వెళ్ళండి. "మీరేం గమనించారు?" అని ముందు వాళ్ళ మాట వినండి. ఇంట్లో కొత్త బిడ్డ, ఇల్లు మారడం, ఎవరికైనా జబ్బులాంటివి ఉంటే చెప్పండి. పిల్లల తీరు ఎందుకు మారిందో టీచర్‌కి అప్పుడు అర్థమవుతుంది.

బాగా వెళ్తున్న పిల్లలు హఠాత్తుగా "వెళ్ళను" అంటే, లేదా బడి రోజుల్లోనే కడుపునొప్పి వచ్చి సెలవుల్లో మాయమైతే, ఆ నొప్పి అబద్ధమని తేల్చేయొద్దు. ముందు డాక్టర్‌కి చూపించి, ఈ వరసలో ఆరా తీయండి: టాయిలెట్, తిండి, పక్కన కూర్చునేవాళ్ళు, బస్సు, టీచర్ మార్పు, తిట్టో దెబ్బో, ఇంట్లో గొడవలు. బొమ్మలతో బడి ఆట ఆడిస్తే చాలా సంగతులు బయటపడతాయి. ఒంటి మీద గాయాలు, ఒక మనిషి పేరెత్తితే భయం, దుస్తులు మార్చబోతే బెదరడంలాంటివి కనిపిస్తే ఆ రోజే బడి పెద్దలతో మాట్లాడండి. విషయం తేలేదాకా అదే మనిషి దగ్గరకు పంపొద్దు.

కారణం తెలిసేలోపు ఊరికే మానిపిస్తూ పోతే తిరిగి వెళ్ళడం రోజురోజుకూ కష్టమవుతుంది. భద్రతకు సంబంధించిన అనుమానం లేనప్పుడు, సగం పూటైనా పంపుతూ సమస్య సరిచేయండి.

10. ఏడాది మధ్యలో, చివర్లో

కొన్నాళ్ళు వేలు చప్పరించడం, పక్క తడపడం తిరిగి రావచ్చు. ఐదేళ్ళ పిల్లలు రాత్రిళ్ళు పక్క తడపడం అరుదేమీ కాదు, దానికి తిట్టొద్దు. ఆరు నెలలకు పైగా మానేసి మళ్ళీ మొదలుపెడితే డాక్టర్‌కి చెప్పండి.

పెద్ద సెలవులు అయిపోయే వారం ముందు నిద్ర వేళలు మళ్ళీ సరిచేయండి. బడి తెరిచిన రోజు మొదటి రోజులాగే గేటు పద్ధతి పాటించండి.

ఏడాది చివర టీచర్‌ని కలిసినప్పుడు మార్కులకంటే ముందు ఈ నాలుగూ అడగండి: ఎవరితో ఆడుకుంటున్నాడు? సాయం కావాలంటే అడుగుతున్నాడా? ఒక పని మొదలుపెట్టి పూర్తి చేస్తున్నాడా? వచ్చే ఏటి టీచర్‌కి వీడి గురించి మీరు ఏం చెబుతారు? ఆ జవాబులు రాసి పెట్టుకుని, కొత్త తరగతి మొదలైన వారంలోనే కొత్త టీచర్‌కి చూపించండి.